మోసేది వీపు, కాలేది మోకాలు

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: "మాది పాడేరు వైపు కొండ మీద ఊరు. రోడ్డు నుంచి నాలుగు కిలోమీటర్ల కాలిబాట, దాదాపు 400 మీటర్ల ఎక్కుడు. కాఫీ, మిరియాలు దింపడం, బియ్యం ఎక్కించడం అంతా భుజాల మీదే. నేను బెంగళూరులో మెకానికల్ ఫైనల్ ఇయర్. 50 కిలోలు మోసే నాలుగు కాళ్ల రోబో ప్రాజెక్టుగా చేద్దామని మా టీం అనుకుంటోంది. బడ్జెట్ 3 లక్షలు. అవుతుందా? అసలు బిగ్‌డాగ్ లాంటి బరువు మోసే నాలుగు కాళ్ల రోబోను అమెరికా సైన్యం ఎందుకు పక్కన పెట్టింది?"

ముందు సూటిగా చెప్పేస్తాను, తర్వాత తీరిగ్గా మాట్లాడుకుందాం. 3 లక్షల్లో 50 కిలోలు మోసేది అవ్వదు. 5 కిలోలు మోసేదైతే ఇంకాస్త డబ్బు కలిపితే అవుతుంది, అది కూడా మీ టీంలో ఇద్దరైనా రాత్రిళ్లు నిద్ర మానుకుంటేనే. మీ బాధ మాత్రం నిజమైనది కాబట్టి "మానుకోండి" అని ఒక్క ముక్కలో తేల్చేయడం నాకు ఇష్టం లేదు.

నా సంగతి రెండు మాటల్లో. అనంతపురం వాణ్ణి, పదమూడేళ్లుగా బెంగళూరులో ఉంటున్నాను. అందులో ఏడేళ్లు కాళ్ల రోబోల మీదే గడిచాయి. పీణ్య పారిశ్రామికవాడలో షాఫ్టులు తిప్పించుకోవడం, ఎస్పీ రోడ్డులో కనెక్టర్ల కోసం షాపు షాపూ తిరగడం, వారాంతాల్లో రామనగర బండల మీద రోబో వెనక పరిగెత్తడం, ఇదే నా ఉద్యోగం. కాబట్టి కింద చెప్పేదాంట్లో సగం పుస్తకాల్లోది, సగం చేతులు కాల్చుకుని తెలుసుకున్నది. చేతులు కాల్చుకోవడం అంటే నిజంగానే, కుడి చూపుడు వేలి మీద మచ్చ ఇంకా ఉంది.

ఆ మచ్చ కథతోనే మొదలుపెడతాను, ఎందుకంటే మీ ప్రశ్నకు అసలు జవాబు అందులోనే ఉంది.

ఐదేళ్ల కిందట నేను అప్పట్లో పనిచేసే కంపెనీలో 42 కిలోల రోబో ఒకటి తయారుచేశాం. లక్ష్యం 20 కిలోలు మోయడం. పొద్దున చెరో పక్క పది కిలోల ఇసుక మూట కట్టి రామనగర దగ్గర ఒక గుట్ట ఎక్కించాం. బ్రహ్మాండంగా ఎక్కింది. మధ్యాహ్నం పెట్టుబడిదారులకు పంపే వీడియో తీయాలి. ఇసుక మూటలు బాగోవు, నీళ్ల క్యాన్లు పెడితే చూడ్డానికి బాగుంటుంది అన్నారు పైవాళ్లు. ఇళ్లకు వచ్చే 20 లీటర్ల క్యాన్లు రెండు తెచ్చి, బరువు దాటకూడదని సగం సగం నింపి, చెరో పక్క వేలాడదీశాం.

పది అడుగులు వేసిందో లేదో, రోబో తాగినవాడిలా ఊగడం మొదలుపెట్టింది. బరువు పొద్దున మోసిందే, వాలు కూడా అదే. మాకు అంతు పట్టలేదు. తర్వాత కాగితం మీద లెక్క వేస్తే తేలింది: ఆ వెడల్పున్న క్యాన్‌లో సగం నీళ్లు సెకనుకు రెండుసార్లకు కాస్త తక్కువగా అటూ ఇటూ ఊగుతాయి. మా రోబో అడుగుల లయ కూడా దాదాపు అంతే. ఉయ్యాలను సరిగ్గా వెనక్కి వచ్చినప్పుడల్లా తోసినట్టు, ప్రతి అడుగూ నీళ్లను ఇంకాస్త ఊపుతోంది, ఆ నీళ్లు రోబోను ఊపుతున్నాయి. పాల క్యాన్‌లో ఇంత గడ్డి వేసి సైకిల్ మీద తెచ్చే పాలవాళ్లకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. ఆరుగురు ఇంజినీర్లం ఉన్నాం, ఒక్కడికీ తట్టలేదు.

సరే, నడక వేగం తగ్గించి ఎలాగో సగం గుట్ట ఎక్కించాం. అక్కడ కెమెరా అబ్బాయి యాంగిల్ కుదరలేదన్నాడు. రోబోను వాలు మీదే మోకాళ్లు వంచి నిలబెట్టాం. నాలుగు నిమిషాలు గడిచాయో లేదో. నడిచినంతసేపూ బాగానే ఉన్న యంత్రం, కదలకుండా నిలబడి, వెనక కుడి కాలు వణకడం మొదలుపెట్టి, మెల్లగా కూలబడింది. నేను దగ్గరికెళ్లి మోకాలి మోటారు మీద వేలు పెట్టాను. చర్మం అంటుకుంది. కాలిన వార్నిష్ వాసన. ఆ వాసన ఒకసారి తగిలితే జన్మలో మరిచిపోరు.

తర్వాత ఆ 42 కిలోల యంత్రాన్ని గుట్ట దింపాలి. పట్టుకోడానికి చోటు లేదు, అన్నీ పదునైన అంచులే. పక్కన మేకలు మేపుకుంటున్న ఇద్దరు ఒక వెదురు బొంగు తెచ్చి, తాళ్లతో కట్టి, మాతోపాటు భుజం పట్టారు. మీ ఊళ్లో రోగిని డోలీలో దించినట్టే దించాం. వాళ్లలో పెద్దాయన కన్నడలో అడిగాడు: "దీనికి నాలుగు కాళ్లున్నాయి కదా సార్, మరి మనమెందుకు మోస్తున్నాం?" మేమెవరం జవాబు చెప్పలేదు.

ఇప్పుడు అసలు విషయం. బరువు మోసే రోబో అనగానే అందరూ కాలు విరుగుతుందేమో, బోల్టు తెగుతుందేమో అనుకుంటారు. అల్యూమినియం కాలు అంత సులభంగా విరగదు. ఓడిపోయేది మోకాలి మోటారు, అదీ వేడికి.

చిన్న లెక్క చూడండి. మీ రోబో 50 కిలోలు, బస్తా 50 కిలోలు అనుకుందాం, మొత్తం 100. మామూలుగా ఇవి దుడుకు నడకలో, అంటే ఎదురెదురు మూలల కాళ్లు జతగా లేస్తూ నడుస్తాయి. కాబట్టి ఏ క్షణంలోనైనా మొత్తం బరువు రెండు కాళ్ల మీదే ఉంటుంది. ఒక్కో కాలి మీద 50 కిలోలు, అంటే దాదాపు 490 న్యూటన్లు. తొడ, పిక్క చెరో 30 సెంటీమీటర్లు ఉండి మోకాలు కాస్త వంగితే, పాదం నుంచి మోకాలికి అడ్డదూరం 15 సెంటీమీటర్లు సులభంగా వస్తుంది. మోకాలి దగ్గర సుమారు 75 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే తిప్పే బలం, కావాలన్నమాట. ఇది నున్నటి నేల మీద, మెల్లగా నడిచేటప్పుడు సగటు లెక్క. రాయి మీంచి కిందికి దిగి పాదం నేలకు తగిలే క్షణంలో దీనికి రెండింతలు, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువ. బజారులో ప్రాజెక్టులకు దొరికే చిన్న మోటార్లు ఇచ్చేది పది, పదిహేను, మహా అయితే ఇరవై.

ఇంకో చిక్కు ఉంది. మోటారు తిరక్కపోయినా, బరువును ఆపి పట్టుకోవాలంటే కరెంటు తాగుతూనే ఉండాలి. బయటికి కనపడే పని సున్నా, లోపల తీగ వేడెక్కడం మాత్రం ఆగదు. టార్క్ కరెంటుతో పాటు పెరుగుతుంది, వేడి కరెంటు వర్గంతో పెరుగుతుంది. బరువు రెట్టింపైతే వేడి నాలుగు రెట్లు. మామూలు రకం నియోడిమియం అయస్కాంతాలు 80 డిగ్రీలు దాటితే బలం కోల్పోవడం మొదలుపెడతాయి. బలం తగ్గితే అదే టార్క్‌కు ఇంకా ఎక్కువ కరెంటు కావాలి, ఇంకా వేడి. వాలు మీద నిలబెడితే బరువంతా వెనక కాళ్ల మీదికి జారుతుంది, మా రోబోకి జరిగింది అదే.

గాడిదను చూడండి. గంటల తరబడి బరువుతో నిలబడుతుంది. గుర్రం జాతి జంతువుల కాళ్లలో స్నాయువులు, కండరాలు కీలును బిగించి పట్టే ఏర్పాటు ఒకటి ఉంటుంది. దానివల్ల నిలబడ్డానికి వాటికి దాదాపు ఖర్చే ఉండదు, నిలబడే కునుకు తీస్తాయి. మన రోబోకి నిలబడ్డమే గాడిద చాకిరీ. కాబట్టి డిజైన్ చేసేటప్పుడు మొదటి ప్రశ్న "ఎంత వేగంగా నడుస్తుంది" అని వేసుకోకండి. "బస్తాతో పది నిమిషాలు కదలకుండా నిలబడితే మోకాలు ఎంత వేడెక్కుతుంది" అని వేసుకోండి. బస్తా ఎక్కించేటప్పుడు, దారిలో ఎవరైనా ఎదురైనప్పుడు, నిలబడే సమయమే ఎక్కువ. తేలికైన ఉపాయం ఒకటుంది: ఆగినప్పుడల్లా పొట్ట నేలకు ఆనించి కూర్చోబెట్టడం. ఒంటె కూర్చున్నట్టు. అందుకు పొట్ట కింద గట్టి రబ్బరు దిమ్మెలు పెట్టండి. మేం ఆ పని చేశాక సగం గొడవలు తగ్గాయి.

"పెద్ద గేర్‌బాక్స్ పెడితే సరిపోతుంది కదా" అని మీ టీంలో ఎవరో ఒకరు తప్పక అంటారు. ఒకటికి వంద గేరు పెడితే చిన్న మోటారుతోనే 75 న్యూటన్ మీటర్లు వస్తాయి, నిజమే. కానీ మోటారు రోటర్ (లోపల తిరిగే భాగం) జడత్వం కాలికి కనిపించేది గేరు నిష్పత్తి వర్గంతో పెరుగుతుంది. ఆరు గేరుకి 36 రెట్లు, వంద గేరుకి పదివేల రెట్లు. అంటే పాదం రాయికి తగిలినప్పుడు మోకాలు మెత్తగా లొంగదు, సుత్తి దెబ్బలా తగులుతుంది. ఆ దెబ్బ తినేది గేరు పళ్లే. మా దగ్గర హార్మోనిక్ గేరు అనే పెద్ద నిష్పత్తి రకం గేరు పాతదొకటి ఉంది, పళ్లు రాలిపోయిన ముసలివాడి నోరులా ఉంటుంది. పేపర్ వెయిట్‌గా వాడుతున్నాం. మసాచుసెట్స్‌లోని ఎంఐటీలో సాంగ్‌బే కిమ్ బృందం చీతా రోబోలతో చూపించింది ఈ విషయాన్నే: వెడల్పాటి మోటారు, చిన్న గేరు. అప్పుడు మోటారు కరెంటు చూసే కాలు నేలకు ఎంత గట్టిగా తగిలిందో చెప్పొచ్చు, వేరే సెన్సర్ అక్కర్లేదు. 2019లో వాళ్లు చూపించిన మినీ చీతా 9 కిలోలే, వెనక్కి పిల్లిమొగ్గ కూడా వేసింది. ఈనాటి చిన్న రోబో కుక్కల్లో చాలావరకు ఆ బాటలో నడిచినవే. కానీ ఆ బాట తేలికపాటి, చురుకైన రోబోలకు బాగా కుదిరింది. బస్తాలు మోసేదానికి మళ్లీ వేడి గొడవ మొదటికి వస్తుంది. చిన్న గేరు అంటే మోటారే ఎక్కువ టార్క్ ఇవ్వాలి మరి.

ఇక బిగ్‌డాగ్ సంగతి. బరువులు మోసే కాళ్ల బండి ఆలోచన దానికంటే పాతది. 1960ల చివర్లోనే జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో రాల్ఫ్ మోషర్ అనే ఇంజినీరు అమెరికా సైన్యం కోసం నాలుగు కాళ్ల బండి చేశాడు. లోపల కూర్చున్న మనిషి తన చేతులతో ముందు కాళ్లనూ, తన కాళ్లతో వెనక కాళ్లనూ నడపాలి. నడిపేవాడు కాసేపటికే డీలా పడిపోయేవాడట. కంప్యూటర్ బుర్ర లేని రోజుల్లో ఆ బుర్ర మనిషే అయ్యాడు. తర్వాత 1980ల్లో మార్క్ రైబర్ట్ ఒంటికాలితో గెంతే యంత్రం చేసి, పడిపోకుండా గెంతడం ఎలాగో లెక్కకట్టాడు. ఆయనే 1992లో బోస్టన్ డైనమిక్స్ పెట్టాడు. 2005లో బిగ్‌డాగ్ వచ్చింది, అమెరికా రక్షణ శాఖ పరిశోధన సంస్థ డార్పా డబ్బుతో.

బిగ్‌డాగ్ బరువు సుమారు 110 కిలోలు. లోపల గో-కార్ట్ ఇంజిన్, రెండు స్ట్రోకులది, 15 హార్స్‌పవర్. అది హైడ్రాలిక్ పంపును తిప్పితే, నూనె ఒత్తిడితో కాళ్లు కదిలేవి. హైడ్రాలిక్స్ ఎందుకో పైన చదివినవాళ్లకు ఈపాటికి అర్థమై ఉంటుంది. నూనె సిలిండర్ వాల్వు మూసేస్తే బరువును ఊరికే పట్టుకుంటుంది, మోటారులా వేడెక్కదు. జేసీబీ తొండాన్ని గాల్లో ఆపి డ్రైవరు టీ తాగడం మీరు చూసే ఉంటారు. 2008 వీడియోలో దాన్ని మనిషి కాలితో తన్నడం, మంచు మీద జారి మళ్లీ నిలదొక్కుకోవడం ప్రపంచమంతా చూసింది. ఆగకుండా 20 కిలోమీటర్లు నడిచిన రికార్డు కూడా ఉంది.

దానికి అన్నయ్య ఎల్ఎస్3. 2012లో బయటికొచ్చింది. 180 కిలోల బరువుతో 24 గంటల్లో 32 కిలోమీటర్లు నడవాలన్నది లక్ష్యం. 2014లో హవాయిలో మెరైన్ సైనికులు దానితో విన్యాసాలు కూడా చేశారు. 2015 చివరికి పక్కన పెట్టేశారు. ముఖ్యంగా చెప్పుకునే కారణాలు రెండు: ఇంజిన్ మోత, రిపేరు కష్టం. శత్రువుకు కనపడకుండా కొండల్లో నడవాల్సిన దళం వెంట గడ్డి కోసే మిషన్ లాంటి మోతతో నడిచే జీవి ఉంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. నన్నడిగితే రెండో కారణమే పెద్దది. హైడ్రాలిక్ గొట్టం కొండ మధ్యలో కారితే అక్కడున్న సైనికుడు ఏం చేస్తాడు? మీ ఊళ్లో మోత పట్టింపు ఉండకపోవచ్చు, కోళ్లు బెదురుతాయి, అంతే. కానీ నూనెను అదుపుచేసే సర్వో వాల్వు చెడిపోతే పాడేరులో బాగుచేసేవాడు ఎవరు?

సామర్థ్యం లెక్క కూడా చూడాలి. ఒక్క న్యూటన్ బరువును మీటరు దూరం జరపడానికి ఎన్ని జౌళ్ల శక్తి ఖర్చయిందో కొలిచే సంఖ్య ఒకటి ఉంది, తక్కువైతే మంచిది. ఎంఐటీ చీతా బృందం తమ పేపర్లో ఇచ్చిన పోలిక ప్రకారం బిగ్‌డాగ్‌ది 15, చీతాది 0.5. ముప్ఫై రెట్లు తేడా. బిగ్‌డాగ్ తర్వాత ఈ రంగమంతా పెట్రోలు ఇంజిన్ వదిలి బ్యాటరీ వైపు వచ్చింది. బోస్టన్ డైనమిక్స్ 2020లో అమ్మకానికి పెట్టిన స్పాట్ అనే రోబో 14 కిలోలు మోస్తుంది, గంటన్నర నడుస్తుంది, అప్పటి ధర 74,500 డాలర్లు. గమనించండి: 180 కిలోలతో మొదలైన కల, జనం నిజంగా కొనే దశకు వచ్చేసరికి 14 కిలోలైంది. ఇప్పుడవి మోసేది ఎక్కువగా కెమెరాలు, గ్యాస్ లీకులు పసిగట్టే సెన్సర్లు. బస్తాలు కాదు.

మన సైన్యం దగ్గర ఉన్నవీ ఇంచుమించు అంతే. 2025 జనవరి 15న పుణెలో జరిగిన ఆర్మీ డే పెరేడ్‌లో రోబో కంచరగాడిదలు నడవడం టీవీలో చూసే ఉంటారు. సొంత బరువు 50 కిలోల పైచిలుకు, మోసేది పన్నెండు, పదిహేను కిలోలు. నిఘాకు, కొద్దిపాటి సరంజామాకు పనికొస్తాయి. అసలు కంచరగాడిదలతో పోటీకి ఇంకా చాలా దూరం ఉంది. 1971 యుద్ధంలో పెడాంగీ అనే ఆడ కంచరగాడిద పాకిస్తాన్ సైనికులకు చిక్కి, వీపు మీద మెషిన్ గన్, తూటాల పెట్టెలతో సహా తప్పించుకుని, మైళ్లకు మైళ్లు నడిచి మన పోస్టుకు తిరిగొచ్చింది. బ్యాటరీ అయిపోతే ఎక్కడికక్కడ ఆగిపోయే మా రోబోలను చూసినప్పుడల్లా నాకు పెడాంగీ గుర్తొస్తుంది.

చైనాలోని యూనిట్రీ కంపెనీ చేసే బీ2 రోబో మీ అవసరానికి దగ్గరగా వస్తుంది. 60 కిలోల యంత్రం, నడుస్తూ 40 కిలోలు మోస్తుందని కంపెనీ లెక్క. నిలబడి 120 మోస్తుందని కూడా రాశారు. ఈ రెండు సంఖ్యల మధ్య తేడా పట్టుకోండి, బ్రోచర్ చదివేటప్పుడు పనికొస్తుంది. కాళ్లు నిటారుగా పెట్టి నిలబడితే బరువు ఎముకల గుండా పోతుంది, వంచి నడిస్తే మోటారు గుండా పోతుంది. మీకు కావాల్సింది చిన్న సంఖ్యే.

మన బెంగళూరు సంగతి చెప్పకపోతే బాగోదు. ఐఐఎస్‌సీలో శిశిర్ కొలతాయ గారి స్టాక్ ల్యాబ్ వాళ్లు స్టాక్ అనే నాలుగు కాళ్ల రోబోలను ఇక్కడే డిజైన్ చేసి నడిపిస్తున్నారు, వాళ్ల పేపర్లు అందరికీ అందుబాటులో ఉన్నాయి. ఏ యూట్యూబ్ వీడియో కంటే ముందు అవి చదవండి. ఇక్కడ దొరికే భాగాలతో పనిచేసినవాళ్ల అనుభవం వేరు.

ఇక మీ నాలుగు కిలోమీటర్ల బాటకు లెక్క వేద్దాం. మొత్తం 100 కిలోలు, పైన చెప్పిన సామర్థ్యం సంఖ్య 1 అనుకుందాం, రాళ్లదారికి ఇది ఉదారమైన అంచనానే. మీటరుకు 980 జౌళ్లు. నాలుగు కిలోమీటర్లకు దాదాపు 1.1 యూనిట్ల కరెంటు. అందులో 400 మీటర్లు పైకి ఎక్కడానికి తప్పనిసరిగా అయ్యే ఖర్చు ఎంతో తెలుసా? 0.11 యూనిట్. పదో వంతే! మిగతాదంతా వేడిగా, మోతగా, పాదం గుద్దుకోవడంలో పోయేదే. ఈ లెక్క మొదటిసారి వేసినప్పుడు నేను తప్పు చేశాననుకుని మళ్లీ వేశాను. ఒక బస్తా ఎక్కించి ఖాళీగా దిగాలంటే మొత్తం యూనిట్‌న్నర పైనే. ప్యాకుతో సహా కిలోకు 150 వాట్ అవర్ల చొప్పున బ్యాటరీయే 11, 12 కిలోలు. ఆ బ్యాటరీని కూడా రోబోయే మోయాలి. వర్షాకాలం మీ ఊళ్లో కరెంటు ఎన్ని గంటలుంటుందో మీకే తెలుసు.

కళ్లూ పాదాల గురించి కొంచెం. ఈ విషయంలో మాత్రం మంచి కబురే. స్విట్జర్లాండ్‌లో ఈటీహెచ్ జ్యూరిక్ వాళ్లు 2022లో ప్రచురించిన పనిలో ఎనీమల్ అనే రోబో జ్యూరిక్ దగ్గరి ఎట్సెల్ కొండను 31 నిమిషాల్లో ఎక్కింది. మనుషులకు పట్టే సమయమని అక్కడ బోర్డు మీద రాసిందానికంటే నాలుగు నిమిషాలు తక్కువ. కెమెరాకు గడ్డి గట్టి నేలలా కనిపించినా, పాదం దిగబడ్డ వెంటనే కంటిని పక్కనపెట్టి కాలి స్పర్శను నమ్మడం దానికి సిమ్యులేషన్‌లో, అంటే కంప్యూటర్ లోపలి ఉత్తుత్తి ప్రపంచంలో, నేర్పారు. మీ ఏజెన్సీ బాటల మీద ఆకులు పరుచుకుని కింద గుంత ఉంటుంది చూడండి, సరిగ్గా ఆ సమస్యే. ఈ నేర్పే పద్ధతులన్నీ ఇప్పుడు ఉచితంగా దొరుకుతున్నాయి, ఒక మంచి గ్రాఫిక్స్ కార్డు ఉంటే చాలు. సిమ్యులేషన్‌లో బరువునూ, ఆ బరువు ఉండే చోటునూ ప్రతిసారీ మార్చి మార్చి నేర్పండి. మేం బరువు మార్చాం కానీ నీళ్లలా కదిలే బరువు పెట్టలేదు, ఫలితం పైన చెప్పాను. పాదానికి స్క్వాష్ బంతులు వాడతారు చాలామంది. ఎండలో బాగుంటాయి, నాచు పట్టిన తడి బండ మీద దేవుడే దిక్కు. సైకిల్ టైరు ముక్క కోసి అంటించి చూడండి.

బస్తా కట్టే తీరు ఎవరూ పట్టించుకోరు. గంతకు తగ్గ బొంత అంటాం కదా, గంత అంటే వీపుకు అటూ ఇటూ వేలాడేసే సంచి అని చాలామందికి గుర్తుండదు. ఆ పాత గంత డిజైనే ఇప్పటికీ సరైనది. బరువు వీపు మీద ఎత్తుగా కాకుండా రెండు పక్కలకు, కిందికి, తుంటి మోటార్లకు దగ్గరగా ఉండాలి, అంగుళం కూడా కదలకూడదు. కాఫీ గింజలు ఫరవాలేదు, సంచి బిగించి కడితే. కిరోసిన్, నూనె డబ్బాలు సగం నింపి పెట్టొద్దు.

డబ్బు సంగతి. మేం కొన్న రోజుల్లో చిన్న రకం యాక్చుయేటర్ (కీలును కదిపే మోటారు, గేరు కలిసిన ముక్క) కస్టమ్స్‌తో కలిపి ఒక్కోటి పాతిక వేలకు తక్కువ పడలేదు. కాలికి మూడు చొప్పున పన్నెండు. మీ 3 లక్షలు అక్కడికే సరి. బ్యాటరీ, కంప్యూటర్, మెషినింగ్, కాలిపోయినవాటి బదులు కొనేవి, ఇవన్నీ ఇంకా మిగిలే ఉన్నాయి. రెండైనా కాలతాయి, ముందే లెక్కలో వేసుకోండి.

కాబట్టి నేను మీ స్థానంలో ఉంటే ఊరి సమస్యనూ ప్రాజెక్టునూ విడదీస్తాను. ఊరికి ఇప్పుడు కావాల్సింది కాళ్లు కాకపోవచ్చు. జపాన్‌లో నారింజ తోటల రైతులు నిటారు కొండవాలు మీద ఒంటి పట్టా వేసి, చిన్న ఇంజిన్ బండితో పండ్లు దింపుతున్నారు, 1960ల నుంచీ. నేపాల్ కొండల్లో కరెంటు లేని రోప్‌వేలు ఉన్నాయి: పైనుంచి దిగే కూరగాయల బరువే కింద నుంచి సరుకులను పైకి లాగుతుంది. మీ ఊరికి కాఫీ దిగుతుంది, బియ్యం ఎక్కుతుంది. దిగే బరువు ఎక్కే బరువుకంటే బాగా ఎక్కువ ఉండే నెలలు ఎన్నో లెక్క తీయండి. కోత కాలంలో అది కుదిరితే మోటారే అక్కర్లేదు. బాట కాస్త వెడల్పుగా ఉన్నచోట ఒంటి చక్రం బండికి చిన్న మోటారు పెట్టినా యాభై కిలోలు హాయిగా పోతాయి. చక్రానికి నిలబడ్డం ఉచితం.

ప్రాజెక్టుకైతే నాలుగు కాళ్లు వద్దు, ఒక్క కాలు చేయండి. నిలువు పట్టా మీద జారే ఒంటికాలు, పైన బరువు పళ్లేలు. రెండు మోటార్లు చాలు, మీ బడ్జెట్‌లో మంచి పెద్దవి వస్తాయి. మోటారు తీగచుట్ట (వైండింగ్) లోపల వేడి కొలిచే థర్మోకపుల్ పెట్టి, 5, 10, 15, 20 కిలోలతో నిలబెట్టి, కుంగి లేపి, ఎన్ని నిమిషాల్లో ఎంత వేడెక్కిందో గ్రాఫులు గీయండి. మోకాలికి సమాంతరంగా ఒక స్ప్రింగ్ పెడితే ఎంత తగ్గుతుందో చూడండి. బరువులో కొంత స్ప్రింగే మోస్తుంది, గాడిద స్నాయువులా. బరువు లేనప్పుడు ఆ స్ప్రింగే అడ్డం పడుతుంది, ఆ చిక్కును విప్పగలిగితే మీ ప్రాజెక్టు నాలుగు కాళ్లతో కుంటుతూ నడిచే ఏ బొమ్మ కంటే గట్టిదవుతుంది.

ఇంకొకటి, ఇది ఎవరూ చేయరు కాబట్టి చెబుతున్నా. ఈసారి సెలవులకు ఊరెళ్లినప్పుడు బస్తా మోసే మనిషి నడుముకు ఒక ఫోన్ కట్టి, సెన్సర్ రికార్డింగ్ ఆన్ చేసి, నాలుగు కిలోమీటర్లు నడిపించండి. టేపు పట్టుకుని వెనకే మీరు నడవండి. ఎక్కడ ఎంత ఎత్తు మెట్టు, ఎన్ని చోట్ల ఆగాడు, ఎంతసేపు నిలబడ్డాడు, ఎక్కడ చేత్తో చెట్టును పట్టుకున్నాడు, అన్నీ రాసుకోండి. చేత్తో పట్టుకున్న చోట్లు మరీ ముఖ్యం. అక్కడ మీ రోబోకి ఐదో కాలు కావాలి.

మా పాత ఒంటికాలి స్టాండు పీణ్య షెడ్డులో దుమ్ము పట్టి ఉంది, కాలిన మోకాలితో సహా. శనివారాలు మధ్యాహ్నం దాకా అక్కడే ఉంటాను. కింద కామెంట్ పెట్టి రండి, విప్పి చూపిస్తాను. మోటారు మీద మాత్రం వేలు పెట్టకండి.